టీవీ కాలింది.. తప్పు ప్లగ్గు వెనక ఉంది

న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 300 వోల్టులు.. ఎర్తింగ్ లేకుంటే ప్రాణాలకే ముప్పు

ఈదురుగాలి వీచిన సాయంత్రం ఊళ్లో ఒక వీధి ఫ్యాన్లు ఒక్కసారిగా హోరుమని తిరుగుతాయి. పక్క వీధిలో అవే ఫ్యాన్లు ఈడ్చుకుంటూ తిరుగుతాయి. పది నిమిషాలు గడవకముందే టీవీ కాలిందని ఒకరు, సెట్‌టాప్ బాక్సు నుంచి పొగ వచ్చిందని మరొకరు, కంప్యూటర్ ఆన్ కావడం లేదని ఇంకొకరు రోడ్డు మీదకు వస్తారు. మర్నాడు హై వోల్టేజీతో గృహోపకరణాలు దగ్ధమయ్యాయని నాలుగు పంక్తుల వార్త వస్తుంది. గ్రామీణ పాఠకులకు ఈ వార్త కొత్తది కాదు. ఆ వోల్టేజీ ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఇంటి గుమ్మం దగ్గరే ఆపవచ్చా అన్నది మాత్రం ఆ నాలుగు పంక్తుల్లో ఇమడదు. చేతిలో చిన్న మీటరు, కొద్దిపాటి అవగాహన ఉంటే ఈ నష్టంలో చాలా భాగాన్ని ఇంటివారే నివారించుకోవచ్చు. మెకానిక్కును పిలిచే ముందు ప్లగ్గు పాయింటును పరీక్షించడం నేర్చుకోవాలి.

230 కాస్తా 333 ఎలా అవుతుంది?

మన ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజు సరఫరా 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మాత్రం మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రల్ తీగ బయలుదేరతాయి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య కొలిస్తే 230 వోల్టులు ఉంటుంది. అదే రెండు ఫేజుల మధ్య కొలిస్తే దాదాపు 400 ఉంటుంది. ఒక వీధికి ఒక ఫేజు, మరో వీధికి మరో ఫేజు ఇచ్చినా న్యూట్రల్ అందరికీ ఉమ్మడిదే. ఇళ్లలో వాడిన కరెంటు తిరిగి వెళ్లే దారి అది.

గాలికి కొమ్మ విరిగిపడో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బోల్టు వదులై తుప్పు పట్టో ఆ ఉమ్మడి దారి తెగిందనుకుందాం. కరెంటు అక్కడితో ఆగిపోదు. ఒక వీధి ఇళ్లలోకి వచ్చిన కరెంటు, మిగిలిన న్యూట్రల్ తీగ గుండా పక్క వీధి ఇళ్లలోకి వెళ్లి, అక్కడి ఫేజు తీగలో కలుస్తుంది. అంటే రెండు వీధులు కలిసి 400 వోల్టులను పంచుకోవలసి వస్తుంది. సమానంగా పంచుకుంటే చెరి 200 వచ్చి పెద్దగా నష్టం ఉండదు. కానీ పంపకం సమానంగా జరగదు. కరెంటు ఎక్కువ వాడుతున్న వైపు వోల్టేజీ తగ్గిపోతుంది. తక్కువ వాడుతున్న వైపు పెరిగిపోతుంది.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఒక ఫేజు మీద 1000 వాట్ల వాడకం, మరో ఫేజు మీద 200 వాట్ల వాడకం ఉన్న సమయంలో న్యూట్రల్ తెగితే, మొదటి వైపు సుమారు 67 వోల్టులు, రెండో వైపు సుమారు 333 వోల్టులు వస్తాయి. ఆ ఇస్త్రీ పెట్టె వాడుతున్న ఇంటికి ఏమీ కాదు. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీతో సరిపెట్టుకున్న ఇంటికే దెబ్బ తగులుతుంది. పేదవాడి ఇంట్లో టీవీయే ముందు కాలడానికి కారణం ఇదే. దిష్టి తగిలిందని, కంపెనీ సరుకు నాసిరకమని అనుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

న్యూట్రల్ పూర్తిగా తెగడానికి ముందు చాలాసార్లు కొన్ని రోజుల పాటు హెచ్చరికలు చేస్తుంది. పక్కింటివారు మోటారు వేస్తే మన ఇంట్లో వెలుగు కాస్త తగ్గడం సహజం. తగ్గకుండా పెరిగిందంటే, ఫ్యాను వేగం పుంజుకుందంటే, న్యూట్రల్ ఎక్కడో వదులైందని గ్రహించాలి. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావరకు వోల్టేజీ అటూ ఇటూ అయినా ఒకే రీతిలో వెలుగుతాయి కాబట్టి వాటిని చూసి పోల్చుకోవడం కష్టం. ఫ్యాను శబ్దాన్ని గమనించడమే మేలు.

ఇలాంటి అనుమానం రాగానే మెయిన్ స్విచ్ ఆపాలి. ఒక్కొక్క ప్లగ్గూ తీస్తూ కూర్చుంటే చివరి వస్తువు దగ్గరకు వెళ్లేసరికి అది కాలిపోయి ఉండవచ్చు. పైగా మన ఇంట్లో వాడకం తగ్గే కొద్దీ మిగిలిన వస్తువుల మీద వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. మెయిన్ ఆపిన తర్వాత 1912 నంబరుకు గానీ, లైన్‌మన్‌కు గానీ తెలియజేయాలి. కర్రతో తీగలు కదిలించడం, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కి బోల్టు బిగించడం వంటి సాహసాలు ఎవరూ చేయరాదు. ఊరికి ఒకరిద్దరు అలాంటి ధైర్యవంతులు ఉంటారు. వారిని వారించవలసిన బాధ్యత పెద్దలదే.

ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా చాలామందిలో కనిపిస్తుంది. ఎంసీబీ ఎక్కువ కరెంటు ప్రవహించినప్పుడు పడిపోతుంది. వోల్టేజీ ఎంత పెరిగినా దానికి పట్టదు. హై వోల్టేజీని గుర్తించి సరఫరాను ఆపే పరికరం వేరే ఉంది. వోల్టేజీ ప్రొటెక్టర్ పేరుతో ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతుంది. మెయిన్ బోర్డులో ఎంసీబీ పక్కన ఇమిడిపోతుంది. సరఫరా నిర్ణీత పరిమితి దాటగానే ఇంటి మొత్తానికి కరెంటు నిలిపివేసి, మామూలు స్థితికి వచ్చాక కొంత విరామం ఇచ్చి తిరిగి అందిస్తుంది. ఉపకరణానికో స్టెబిలైజర్ కొనడం కంటే ఇది ఒక్కటి బిగించుకోవడం లాభసాటి.

మూడో పిన్ను ఎందుకు లావుగా ఉంటుంది?

కంప్యూటర్ డబ్బాను వెనక వైపు తాకితే చేతికి జిల్లుమంటోందని, కేబుల్ వైరు పట్టుకుంటే చిన్న షాకు కొడుతోందని అనేక ఇళ్లలో వింటుంటాం. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చెప్పులు వేసుకుని తాకితే సరిపోతుందని సలహా కూడా ఇస్తారు.

కంప్యూటర్‌లోని పవర్ సప్లై పెట్టెలో, అంటే ఎస్ఎంపీఎస్‌లో, ఫేజుకూ లోహపు డబ్బాకూ మధ్య, న్యూట్రల్‌కూ డబ్బాకూ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. విద్యుత్ అలజడిని వడకట్టి భూమిలోకి పంపడం వాటి పని. మూడో పిన్ను ద్వారా భూమికి దారి ఉన్నంతకాలం ఆ స్వల్ప కరెంటు మనకు తెలియకుండా వెళ్లిపోతుంది. ఆ దారి లేనప్పుడు డబ్బా మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలిచి ఉంటాయి. దాని వెనక ఉన్న కరెంటు అత్యల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. ఆ జిల్లు మనిషిని చంపదు. ఇంట్లో ఎర్తింగ్ లేదన్న సంగతి మాత్రం రూఢిగా చెబుతుంది.

ఇదే ఇంట్లో వేసవి వస్తే ఇనుప కూలర్ పెడతారు. నీళ్లు పోస్తారు. లోపలి మోటారు తీగ పైతొడుగు అరిగి ఫేజు నేరుగా రేకును తాకితే అప్పుడు వచ్చేది జిల్లు కాదు. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి కూలర్‌ను తాకినవారు చనిపోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. గ్రైండరు, వాషింగ్ మెషీను, బోరు మోటారు స్టార్టరు పెట్టె, సర్వీసు వైరు ఆనుకున్న బట్టల దండెం.. వీటన్నిటి కథా ఒకటే. ఎర్తింగ్ సరిగా ఉంటే ఫేజు రేకును తాకిన క్షణంలోనే పెద్ద మొత్తంలో కరెంటు భూమిలోకి పరుగెత్తి ఫ్యూజు కొట్టేయడమో, ఎంసీబీ పడిపోవడమో జరుగుతుంది.

మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే ఎర్త్ పిన్ను మిగతా రెండిటికంటే పొడవుగా, లావుగా ఉంటుంది. పొడవు ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా భూమితో సంబంధం ఏర్పడాలి, తీసేటప్పుడు చివరగా తెగాలి. లావు ఎందుకంటే అది పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో దూరకూడదు. ఇంత ఆలోచించి చేసిన పిన్నును కొందరు రెండు రంధ్రాల బోర్డులో పట్టడం లేదని కోసేస్తున్నారు. మరికొందరు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి కంప్యూటర్‌ను నడుపుతున్నారు. సాకెట్టు మార్పించడానికి అయ్యే ఖర్చు ఒక పూట కూలి కంటే తక్కువ.

అంతకంటే ప్రమాదకరమైన అలవాటు మరొకటుంది. ఎర్తింగ్ గుంత తవ్వే శ్రమ లేకుండా, సాకెట్టు లోపలే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. పైకి అంతా సవ్యంగానే ఉంటుంది. టెస్టరు పెట్టినా, మీటరు పెట్టినా తప్పు దొరకదు. పైన చెప్పినట్లు న్యూట్రల్ తెగిన రోజున ఫేజు కరెంటు టీవీ, ఫ్యానుల గుండా న్యూట్రల్ తీగలోకి, అక్కడి నుంచి ఆ వైరు ముక్క గుండా ఫ్రిజ్ రేకు మీదకు, కూలర్ రేకు మీదకు వస్తుంది. ఈ పని చేసే వైరింగ్ మేస్త్రీని రెండోసారి ఇంటికి పిలవకపోవడమే మంచిది.

ఇంటి ఎర్తింగ్‌కు సాధారణంగా 40 మిల్లీమీటర్ల జీఐ పైపును రెండున్నర మీటర్ల పొడవున భూమిలో దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపుతారు. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పు ఆ తేమలో కరెంటు సులువుగా ప్రవహించేలా చేస్తుంది. కాబట్టి తేమ లేనిదే ఎర్తింగ్ లేదు. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో నేలలో సహజంగానే తడి ఉంటుంది. రాయలసీమ మెట్ట మండలాల్లో, తెలంగాణలోని బండ నేలల్లో ఏప్రిల్, మే నెలల్లో గుంత పూర్తిగా ఎండిపోతుంది. కూలర్లు తిరిగేది ఆ నెలల్లోనే. రెండు మూడు రోజులకోసారి గుంతలో బకెట్టు నీళ్లు పోయడం మరవకూడదు. కొత్త ఇళ్లలో గుంత మీద గచ్చు చేసి మూసేస్తున్నారు. నీళ్లు పోయడానికి గరాటు ఉంచమని మేస్త్రీకి ముందే చెప్పాలి.

దీనికి తోడు మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించుకుంటే రక్షణ మరింత పెరుగుతుంది. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే, తేడా మనిషి ఒంటి గుండా భూమిలోకి పోతోందని భావించి కనురెప్పపాటులో సరఫరా నిలిపివేస్తుంది. దాని మీద టెస్ట్ అని ఒక మీట ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. పడిపోకపోతే ఆర్‌సీసీబీ పాడైనట్లే.

చేతిలో మల్టీమీటరు

కొన్ని వందల రూపాయలకు డిజిటల్ మల్టీమీటరు దొరుకుతుంది. ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటి ఉండదగిన వస్తువు. నల్ల వైరును కామ్ అని రాసి ఉన్న రంధ్రంలో, ఎర్ర వైరును వీ అక్షరం ఉన్న రంధ్రంలో పెట్టాలి. 10 ఆంపియర్లు అని రాసి ఉన్న మూడో రంధ్రం జోలికి పోరాదు. ఎర్ర వైరు అందులో ఉండగా సాకెట్టులో పెడితే షార్ట్ సర్క్యూట్ అయి మీటరు చేతిలోనే పేలవచ్చు. మధ్యలోని మీటను వీ అక్షరం పక్కన అల గుర్తు ఉన్న వైపు, 600 లేదా 750 అంకె వద్దకు తిప్పాలి. చేతులు పొడిగా ఉండాలి. కాళ్లకు చెప్పులు ఉండాలి. వేళ్లు ప్లాస్టిక్ అంచు దాటి ముందుకు పోకూడదు. చిన్న పిల్లలను దగ్గరకు రానీయకూడదు.

సాకెట్టుకు ఎదురుగా నిలబడితే కుడి రంధ్రం ఫేజు, ఎడమది న్యూట్రల్, పైన ఉన్న పెద్దది ఎర్త్. కుడి, ఎడమల మధ్య 230కి కాస్త అటూ ఇటూ చూపాలి. 216 నుంచి 244 వరకు ఉంటే చింత లేదు. తర్వాత కుడి రంధ్రానికీ ఎర్త్‌కూ మధ్య కొలవాలి. అదీ ఇంచుమించు అంతే ఉండాలి. ముప్ఫయ్యో, తొంభయ్యో చూపుతూ అంకెలు నిలకడ లేకుండా తిరుగుతుంటే ఆ సాకెట్టుకు ఎర్త్ వైరు లేదని అర్థం. చివరగా ఎడమ రంధ్రానికీ ఎర్త్‌కూ మధ్య రెండు, మూడు వోల్టులకు మించకూడదు. పది, ఇరవై చూపితే న్యూట్రల్ గానీ ఎర్తింగ్ గానీ బలహీనంగా ఉందని భావించి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అచ్చంగా సున్నా చూపినా సంతోషించనక్కర్లేదు. సాకెట్టులోనే రెండూ కలిపి ఉన్నారేమో తెరిచి చూడమని అడగాలి.

ఒక మెలిక ఉంది. డిజిటల్ మీటరు కొలవడానికి దాదాపు కరెంటే తీసుకోదు. అందుచేత ఎర్తింగ్ తీగ వెంట్రుకంత మిగిలి ఉన్నా 230 అనే చూపుతుంది. ఆ తీగ అవసరమైనప్పుడు బరువు మోస్తుందో లేదో ఎలక్ట్రీషియన్లు వాడే టెస్ట్ ల్యాంపు చెబుతుంది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల పాత రకం బల్బు నిండుగా వెలిగితే ఎర్తింగ్ పనిచేస్తున్నట్లు. గుడ్డిగా వెలిగితే గుంతను చూడాల్సిందే. ఈ పరీక్ష మాత్రం పని తెలిసినవారితోనే చేయించాలి.

మీటరుతో మరో చక్కని ఉపయోగం ఉంది. సెట్‌టాప్ బాక్సు, ఇంటర్నెట్ మోడెం పనిచేయడం మానేస్తే చాలాసార్లు పాడయ్యేది పెట్టె కాదు, గోడకు తగిలించిన నల్లని అడాప్టర్. దాని మీద అవుట్‌పుట్ 12 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసి ఉంటుంది. మీటను డీసీ 20 అంకె వద్ద ఉంచి, ఎర్ర మొనను పిన్ను లోపల, నల్ల మొనను బయటి అంచుకు ఆనిస్తే పన్నెండుకు దగ్గరగా చూపాలి. సున్నా చూపితే అడాప్టర్ మారిస్తే చాలు. కొత్తది కొనేటప్పుడు వోల్టులు కచ్చితంగా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండవచ్చు, తక్కువ ఉండరాదు. పిన్ను బొమ్మ పక్కన ఉన్న ప్లస్, మైనస్ గుర్తులు పాతదానితో సరిపోవాలి. ల్యాప్‌టాప్ ఛార్జరుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఏది దేనికి?

స్టెబిలైజర్, యూపీఎస్, ఇన్వర్టర్, స్పైక్ గార్డు.. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టడం వల్ల డబ్బు వృథా అవుతోంది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల వెనక 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే, లో వోల్టేజీ వల్ల వాటికి భయం లేదు. హై వోల్టేజీ వద్ద ఆపే ఏర్పాటు ఉంటే చాలు. మోటారు ఉన్న ఫ్రిజ్‌కు మాత్రం లో వోల్టేజీయే శత్రువు. మోటారు తిరగలేక మూలుగుతూ వేడెక్కి కాలిపోతుంది. ఫ్రిజ్‌కు స్టెబిలైజర్ కొనేటప్పుడు కరెంటు వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి ఇచ్చే టైం డిలే ఉందో లేదో చూడాలి. స్పైక్ గార్డు అని అమ్మే పొడవాటి బోర్డు క్షణికంగా వచ్చే పోటును మాత్రమే మింగగలదు. న్యూట్రల్ తెగి నిమిషాల తరబడి వచ్చే 333 వోల్టులను అది ఆపలేదు. వాటిలో కొన్నింటికి లోపల ఆ పరికరమే ఉండదు, ఎర్ర స్విచ్ మాత్రమే ఉంటుంది.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. దాంతో సినిమా చూడాలని ఆశించకూడదు. లోపల ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ మీద కంప్యూటర్ పది పదిహేను నిమిషాలు నడుస్తుంది. తెరిచిన ఫైళ్లు సేవ్ చేసి, పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేయడానికి ఆ వ్యవధి చాలు. ప్రింటరును, ముఖ్యంగా లేజర్ ప్రింటరును, యూపీఎస్‌కు తగిలించరాదు. బ్యాటరీ రెండు మూడేళ్లు వస్తుంది. కరెంటు పోగానే కంప్యూటర్ కూడా ఆగిపోతోందంటే యూపీఎస్ మొత్తం మార్చనక్కర్లేదు, బ్యాటరీ మారిస్తే చాలు.

ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు. బోరు నీటిలోని లవణాలు పలకలను తినేస్తాయి. ఛార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి అక్కడ బీడీ, అగరొత్తి వెలిగించడం ప్రమాదం.

కంప్యూటర్ ఆన్ కాకుంటే

గోడ నుంచి లోపలికి వరుసగా వెతకాలి. ముందుగా అదే సాకెట్టులో ఫోన్ ఛార్జరు పెట్టి కరెంటు ఉందో లేదో చూడాలి. యూపీఎస్ ఆన్‌లో ఉందా? డబ్బా వెనక ఎస్ఎంపీఎస్ దగ్గర చిన్న స్విచ్ ఎవరైనా ఆపేశారా? ఇల్లు ఊడ్చేటప్పుడు వైరు వదులైందా? డబ్బాలో ఫ్యాను తిరుగుతున్నా తెర మీద ఏమీ కనిపించకపోతే మానిటర్ కరెంటు వైరును, రెండు వైపులా దాని కేబుల్‌ను గట్టిగా నొక్కాలి. పిలిపించిన మెకానిక్ ఈ వైర్లు నొక్కి వందల రూపాయలు తీసుకుని వెళ్లిన ఇళ్లు చాలా ఉన్నాయి. అతని తప్పు లేదు, వచ్చినందుకు అతనికి కూలి కావాలి.

అయినా తెర రాకపోతే, లోపల నుంచి బీప్ శబ్దం పదేపదే వస్తుంటే ర్యామ్ మీద అనుమానించవచ్చు. దుమ్ముకు, తేమకు దాని రాగి రంగు పళ్ల మీద పొర పడుతుంది. ప్లగ్గు పూర్తిగా తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టి లోపల మిగిలిన కరెంటును ఖాళీ చేయాలి. డబ్బా రేకును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. తర్వాత రెండు వైపులా ఉన్న క్లిప్పులు తెరిచి ర్యామ్ పలకను తీసి, పళ్లను పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, టక్కుమని శబ్దం వచ్చేలా తిరిగి బిగించాలి. పాత డెస్క్‌టాప్‌లలో ఈ ఒక్క పనితోనే తెర వెలిగిన సందర్భాలు ఎన్నో.

ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం తెరవకూడదు. అందులోని పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా అది కొంతసేపు అలాగే ఉండిపోవచ్చు.

కంప్యూటర్ బాగానే ఆన్ అవుతుంది కానీ ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు, భద్రత లేదంటూ ఎర్ర హెచ్చరిక వస్తుంది. ఇంటర్నెట్ కంపెనీని తిట్టే ముందు తెర కింద కుడి మూలన తేదీ చూడాలి. ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలు ఉంటాయి. కంప్యూటర్ గడియారం తప్పితే అవి చెల్లవని అనుకుంటుంది. మూడు వోల్టుల ఆ బిళ్లను మార్చి తేదీ సరిచేస్తే సమస్య తీరుతుంది. వాచీలు బాగుచేసే దుకాణంలోనూ అది దొరుకుతుంది.

విండోస్ 10, 11లలో షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినా లోపలి వ్యవస్థ పూర్తిగా కొత్తగా మొదలు కాదు. త్వరగా తెరుచుకోవడానికి పాత స్థితిలో కొంత భాగాన్ని దాచుకుంటుంది. కంప్యూటర్ మందగించినప్పుడు రీస్టార్ట్ నొక్కితేనే ఫలితం కనిపిస్తుంది. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. అలాంటి కంప్యూటర్లలో బ్యాంకు పనులు చేయకపోవడం క్షేమం.

కాలిన యంత్రాన్ని మళ్లీ కొనవచ్చు. అందులోని ఫైళ్లను ఏ దుకాణంలోనూ కొనలేం. కుల, ఆదాయ ధ్రువపత్రాల స్కాన్ ప్రతులు, పట్టాదారు పాసు పుస్తకం నకళ్లు, పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టు పనులు ఒక్క హార్డ్ డిస్కులోనే ఉంచి నిశ్చింతగా ఉండటం సరికాదు. నెలకోసారి వాటిని బయటి హార్డ్ డిస్కులోనో, పెన్‌డ్రైవ్‌లోనో నకలు తీసి ప్లగ్గు నుంచి తప్పించి బీరువాలో పెట్టాలి. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కు నకలు కిందకు రాదు. హై వోల్టేజీ వస్తే రెండూ కలిసే పోతాయి. ఈఏపీసెట్ వంటి దరఖాస్తులు నింపే రోజుల్లో ఫొటో, సంతకం ఫైళ్లను ఫోన్‌లో కూడా ఉంచుకుంటే కరెంటు పోయినా గడువు తప్పదు. టైపు చేసే ప్రతి ఒక్కరూ పేరాకోసారి కంట్రోల్ మీటతో పాటు ఎస్ మీట నొక్కి సేవ్ చేయడం అలవాటు చేసుకోవాలి.

ఉరుము వినిపిస్తే

పిడుగు పడేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు. అంత దూరం గాలిలో దూకి వచ్చిన మెరుపుకు స్విచ్‌లోని కొద్దిపాటి సందు అడ్డంకి కాదు. ప్లగ్గునే తీసేయాలి. అంతకంటే ముఖ్యంగా కేబుల్ వైరు, డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు తీయాలి. కరెంటు ప్లగ్గు తీసినా డిష్ వైరు గుండా వచ్చి టీవీని కాల్చిన పిడుగులున్నాయి. ఇవన్నీ ఉరుము దూరంగా ఉన్నప్పుడే చేయాలి. నెత్తిమీదకు వచ్చాక వైర్లు పట్టుకోవడం ప్రాణాంతకం. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీపంలో పడుతున్న పిడుగుల సమాచారాన్ని ఫోన్‌కు అందిస్తుంది. పొలం పనులకు వెళ్లేవారికి ఇది ఇంకా ఎక్కువ అవసరం.

నష్టం జరిగాక

హై వోల్టేజీ వల్ల కాలిన వస్తువులకు కంపెనీ వారంటీ సాధారణంగా వర్తించదు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంటుంది. కాబట్టి సరఫరా లోపం వల్లనే నష్టం జరిగిందని నిరూపించే ఆధారాలు దాచుకోవాలి. 1912కు ఫోన్ చేసినప్పుడు ఇచ్చే ఫిర్యాదు సంఖ్యను, తేదీని, సమయాన్ని రాసుకోవాలి. మల్టీమీటరు 300 చూపుతుండగా ఫోన్‌తో ఫొటో తీస్తే మరీ మంచిది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇళ్లవారంతా కలిసి కాలిన వస్తువుల జాబితాతో సెక్షన్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. అక్కడ పరిష్కారం దొరకకపోతే, 2003 విద్యుత్ చట్టం కింద ప్రతి పంపిణీ సంస్థలో ఏర్పాటైన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికను ఆశ్రయించవచ్చు. వేదిక నిర్ణయం సంతృప్తి కలిగించకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫిర్యాదులో టీవీలు కాలాయని మాత్రమే రాసి ఊరుకోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ వద్ద న్యూట్రల్ బోల్టులు, ఎర్తింగ్ తనిఖీ చేయాలని స్పష్టంగా కోరాలి. వచ్చే గాలివానలోగా ఆ బోల్టు బిగిస్తే మిగిలిన ఇళ్ల టీవీలైనా దక్కుతాయి.